బి.ఏ. చదవడానికి అమెరికా దాకా ఎందుకండీ?

పోయిన నెల ఒక జవాబు మధ్యలో, నేను అమెరికాలో అయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీలో చదివానని మాటవరసకి రాశాను. దాంతో ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఆ కాలేజీ చుట్టూ, అలాంటి చిన్న కాలేజీల చుట్టూ తిరిగాయి. అందులో ఐదు తీసుకున్నాను. మిగతావాళ్లు అడిగినవీ ఇంచుమించు ఇవే.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదివింది. మీరు చదివిన గ్రినెల్‌లోనే సీటు వచ్చింది. ఖర్చులో చాలా భాగం కాలేజీవాళ్లే భరిస్తామన్నారు. కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది, కానీ డిగ్రీ మాత్రం బి.ఏ. అట. మా ఆడపడుచుగారు "ఆ కాలేజీ పేరు ఎవరూ వినలేదు, బి.ఏ. చదవడానికి అమెరికా దాకా ఎందుకు, ఖమ్మంలో డిగ్రీ కాలేజీలు లేవా" అంటున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలో కూడా తెలియడం లేదు.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారు అన్నదే అప్పట్లో ఒంగోలులో మా మేనమామ కూడా అన్నాడు. ఆయన ఇంకో మాట కూడా కలిపాడు: "ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు కాబట్టి పంపేశారనుకుంటారు ఊళ్లో." నిజంగానే అలా అనుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

గ్రినెల్‌లో ఇచ్చే డిగ్రీ ఒక్కటే, అది బి.ఏ. ఫిజిక్స్ చదివినా, కెమిస్ట్రీ చదివినా, కంప్యూటర్ సైన్స్ చదివినా పట్టా మీద అదే ఉంటుంది. ఇంటెల్ కంపెనీని 1968లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నాయిస్, 1949లో అక్కడ ఫిజిక్సూ లెక్కలూ చదివి తీసుకున్నది ఆ బి.ఏ.నే. తర్వాత ఎం.ఐ.టి.లో పీహెచ్‌డీ చేశారు. మీ ఆడపడుచుగారి ఇంట్లో కంప్యూటర్ ఉంటే దాని మీద ఇంటెల్ స్టిక్కర్ ఉందేమో చూడమనండి.

మీరు అడగలేదు కానీ అడగాల్సిన ప్రశ్న వీసాది. చదువయ్యాక అక్కడ ఉద్యోగానుభవం కోసం ఓపీటీ అని 12 నెలలు ఇస్తారు. సైన్స్, టెక్నాలజీ సబ్జెక్టులవాళ్లకి ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. ఈ పొడిగింపు బి.ఏ.నా, బి.ఎస్.ఆ అన్నది చూసి ఇవ్వరు. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారంలో మీ సబ్జెక్టుకి ఒక కోడ్ ఉంటుంది, దాన్ని చూసి ఇస్తారు. కంప్యూటర్ సైన్స్‌కి ఇబ్బంది లేదు. ఎకనామిక్స్ తీసుకునేవాళ్లు మాత్రం తమ కాలేజీ ఏ కోడ్ వాడుతోందో ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక్కో కాలేజీ ఒక్కోలా వాడుతుంది.

ఇక లేనివి కూడా చెప్పాలి. సివిల్, మెకానికల్ లాంటి ఇంజినీరింగ్ బ్రాంచీలు అక్కడ ఉండవు. అమ్మాయికి అవే కావాలంటే ఇది సరైన చోటు కాదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లోలాగా కంపెనీలు బస్సుల్లో వచ్చి ఒక్కరోజులో వందమందిని తీసుకుపోయే క్యాంపస్ ప్లేస్‌మెంట్లు కూడా ఉండవు. పాత విద్యార్థులకి మెయిల్ రాసి, వేసవిలో ఇంటర్న్‌షిప్ వెతుక్కుని, ఉద్యోగం తనే సంపాదించుకోవాలి. పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకుంటే మాత్రం ఈ చిన్న కాలేజీ బలం తెలుస్తుంది. డిగ్రీలో ఉండగానే ప్రొఫెసర్‌తో కలిసి రీసెర్చ్ చేసే అవకాశం దొరుకుతుంది, ఎందుకంటే ప్రొఫెసర్ సమయం లాక్కోవడానికి అక్కడ పీజీ విద్యార్థులే లేరు.

డబ్బు విషయంలో తొందరపడకండి. మొత్తం ఖర్చు ఇప్పుడు ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. కాబట్టి "చాలా భాగం" అంటే ఎంతో అంకెల్లో చూడండి. నాలుగేళ్లూ ఇస్తారా, ఫీజు పెరిగితే సాయమూ పెరుగుతుందా, ఆరోగ్య బీమా అందులో కలిసిందా, ఈ మూడూ మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. వాళ్లేమీ అనుకోరు. వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్లు కూడా వినండి: సాయం కావాలంటే అప్లికేషన్‌తోపాటే అడగాలి. విదేశీ విద్యార్థులకి చాలాచోట్ల చేరిన తర్వాత ఆ తలుపు మూసుకుపోతుంది.

సంబంధాలవాళ్లకి "కంప్యూటర్ సైన్స్ చదువుతోంది" అని చెప్పండి, అది నిజమే కదా. బీటెక్కా అని అడిగితే కాదనే చెప్పండి. ఆ ఒక్క మాటకి వెనక్కి పోయే సంబంధం గురించి నేను రాద్దామనుకున్నది ఎడిటర్‌గారు వేయరు.

ప్రశ్న: అక్కా, నేను ఈ ఆగస్టులో అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ (సైన్సూ ఆర్ట్సూ అన్నీ కలిపి చదివించే) కాలేజీకి వెళ్తున్నాను. రెండేళ్లు విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నాను. ఉదయం ఐదున్నరకి లేపడం, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టులు, ఇదే నాకు తెలిసిన చదువు. అక్కడ క్లాసులో మాట్లాడితేనే మార్కులు అంటున్నారు. నాకు ఇంగ్లీష్ చదవడం, రాయడం వచ్చు కానీ నలుగురిలో మాట్లాడాలంటే చచ్చేంత టెన్షన్. అసలు అక్కడ రోజులు ఎలా ఉంటాయి?
— విద్యార్థి, గుడివాడ

జవాబు: తమ్ముడూ, నీది ఏ కాలేజీయో రాయలేదు. నాకు తెలిసిన గ్రినెల్ గురించి చెబుతాను, ఈ కోవ కాలేజీలు చాలా విషయాల్లో కలుస్తాయి.

గ్రినెల్ ఊరి జనాభా పదివేలలోపే. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. దగ్గరి పెద్ద ఊరు డెమోయిన్, కారులో గంట ప్రయాణం. కాలేజీ పెట్టింది 1846లో, కానీ ఇన్నేళ్లయినా విద్యార్థులు 1,700 మంది దరిదాపుల్లోనే. నువ్వు చదివిన క్యాంపస్‌లోనే అంతకంటే ఎక్కువమంది ఉండి ఉంటారు. తొమ్మిదిమంది విద్యార్థులకి ఒక టీచర్ లెక్కన ఉంటారు. దాదాపు అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు, ఒకే డైనింగ్ హాల్లో తింటారు. ఇలాంటి చోట దాక్కోవడం కుదరదు. నీకు అన్నిటికంటే కొత్తగా అనిపించేది చలి కాదు, ఇంగ్లీష్ కాదు, ఇదే. నువ్వు క్లాసుకి రాకపోతే ప్రొఫెసర్‌కి తెలుస్తుంది. పుస్తకం చదవకుండా వస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మన హాస్టళ్లలో మనమీద కన్ను ఉంటుంది, కానీ మనం ఎవరమో ఎవరికీ తెలియదు. హాల్‌టికెట్ నంబర్, ర్యాంకు, అంతే. అక్కడ కాపలా ఎవరూ ఉండరు గానీ నువ్వెవరో అందరికీ తెలుసు.

గ్రినెల్‌లో అందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్సు ఒక్కటే. దాన్ని ట్యుటోరియల్ అంటారు, మొదటి సెమిస్టర్‌లోనే ఉంటుంది. నువ్వు ఎంచుకునే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కోర్సులు తప్ప మిగతావి నీ ఇష్టం. ట్యుటోరియల్‌లో పన్నెండు, పదమూడుమంది పిల్లలు, ఒక ప్రొఫెసర్. విషయం ప్రొఫెసర్ ఇష్టాన్నిబట్టి ఏదైనా కావచ్చు, అసలు పని చదవడం, రాయడం, మాట్లాడటం నేర్పడం. ఆ ప్రొఫెసరే నువ్వు మేజర్ ఎంచుకునేదాకా నీ అడ్వైజర్. ఏ కోర్సు తీసుకోవాలన్నా ఆయనతోనో ఆవిడతోనో కూర్చుని మాట్లాడాలి.

నా ట్యుటోరియల్ ఆహారం, ఆకలి అనే విషయం మీద. పొడుగాటి టేబుల్, చుట్టూ కుర్చీలు, చివరి బెంచీ అన్నదే లేదు. మా ప్రొఫెసర్ చదివి రమ్మన్న అధ్యాయం మీద ఒక ప్రశ్న అడిగి ఆగింది. మన దగ్గర లెక్చరర్ ప్రశ్న అడిగి, రెండు సెకన్లు చూసి, జవాబు తనే చెప్పేసి "రాసుకోండి" అంటారు కదా. ఆవిడ ఆగుతూనే ఉంది. రైలు పట్టాలు క్యాంపస్ మధ్యలోంచే పోతాయి. ఒక గూడ్స్ బండి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. అది వెళ్లిపోయాక కూడా ఆవిడ ఏ కంగారూ లేకుండా మా ముఖాల వంక చూస్తూ కూర్చుంది. చివరికి ఇల్లినాయ్ పిల్లాడొకడు "నాకు ఈ రచయిత చెప్పింది అర్థం కాలేదు" అన్నాడు. అర్థం కాలేదని చెబితే తిడతారేమో అనుకున్నాను. ఆవిడ "ఎన్నో పేజీలో?" అని అడిగి పుస్తకం తిప్పింది. ఆ గంటంతా ఆ ఒక్క పేజీ మీదే నడిచింది.

నేను మాత్రం మొదట్లో చెప్పదలచుకున్న వాక్యాన్ని నోట్‌బుక్‌లో ఇంగ్లీషులో రాసుకుని, గ్రామర్ సరిచూసుకుని, చెయ్యెత్తుదామనుకునేదాన్ని. వాక్యం తయారయ్యేసరికి చర్చ రెండు మలుపులు ముందుకెళ్లిపోయేది. దీనికి మందు మా సీనియర్ బంగ్లాదేశ్ అమ్మాయి చెప్పింది, నీకూ అదే చెబుతున్నాను. క్లాసు మొదలైన పది నిమిషాల్లోపే ఏదో ఒకటి మాట్లాడెయ్. ఆలస్యమయ్యేకొద్దీ పాయింట్లు పెద్దవవుతాయి, నీ ధైర్యం చిన్నదవుతుంది. గొప్ప అభిప్రాయమే చెప్పాలని లేదు. "ఫలానా పేజీలో ఈ లైను, అంతకుముందు పేజీలో అన్నదానికి వ్యతిరేకంగా ఉంది కదా" అంటే చాలు. పేజీ నంబర్ చెప్పి మాట్లాడేవాడిని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. నీ యాస గురించి బెంగపడకు. అయోవా పిల్లల యాస న్యూయార్క్ పిల్లలకి నవ్వులాటగానే ఉంటుంది.

నోరు విప్పడానికి ఇంకో చోటు ఆఫీస్ అవర్స్. ప్రతి ప్రొఫెసర్ వారంలో కొన్ని గంటలు తలుపు తీసిపెట్టుకుని గదిలో కూర్చుంటారు. మన పిల్లలు వెళ్లరు. ఇంటర్లో స్టాఫ్‌రూమ్‌కి పిలిచారంటే ఏదో తప్పు చేశామనే కదా అర్థం! అక్కడ అలా కాదు, వెళ్లకపోతేనే ఆశ్చర్యపోతారు. మొదటి నెలలోనే ప్రతి ప్రొఫెసర్ దగ్గరికీ ఒక్కసారైనా వెళ్లు. అడగడానికేమీ లేకపోతే నీ పేరు ఎలా పలకాలో నేర్పిరా.

సెమిస్టర్‌కి నాలుగు కోర్సులే ఉంటాయి. డిగ్రీకి 124 క్రెడిట్లు, కోర్సుకి సాధారణంగా నాలుగు. ఇంటర్లో రోజంతా క్లాసుల్లో కూర్చున్నవాడికి ఇది సెలవులా అనిపిస్తుంది. సెప్టెంబర్ అంతా అలాగే హాయిగా గడుస్తుంది. అక్టోబర్లో పేపర్లు (రాసివ్వాల్సిన వ్యాసాలు), మిడ్‌టర్మ్ పరీక్షలు ఒకేసారి మీద పడతాయి. చరిత్ర క్లాసుకి యాభై అరవై పేజీలు చదివి రావడం మామూలే. పొద్దున లేపే వార్డెన్ లేడు, స్టడీ అవర్ లేదు, మధ్యాహ్నం రెండింటికి నిద్రపోతే అడిగేవాడు లేడు. కార్పొరేట్ హాస్టళ్ల నుంచి వెళ్లిన మనవాళ్లు తడబడేది ఇంగ్లీషులో అనుకుంటారు అందరూ. నేను చూసినంతలో ఈ ఖాళీ మధ్యాహ్నాల దగ్గరే తడబడతారు. నువ్వు తిట్టుకున్న ఆ టైంటేబుల్‌నే కాస్త మెత్తగా మార్చి నీకు నువ్వే వేసుకో. బర్లింగ్ లైబ్రరీలో, చేలల్లో మంచెలు కట్టినట్టు, ఒకదాని మీద ఒకటిగా చదువుకునే అరలుంటాయి. రాత్రి భోజనమయ్యాక పై అరలో కూర్చోవడం నా స్టడీ అవర్. దిగడానికి బద్ధకమేసి చదివేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. పుస్తకంలో వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఇక్కడ పదికి పది. అక్కడ ఎవరి వాక్యమో చెప్పకుండా రాస్తే దాన్ని దొంగతనం కింద లెక్కేస్తారు, కాలేజీ కమిటీ ముందు నిలబడాల్సి వస్తుంది. తెలియక చేశానంటే ఒప్పుకోరు. మొదటి పేపర్ ఇచ్చేముందు, రాతలో సాయం చేసే కాలేజీ రైటింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని చూపించు. దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. బాగా రాసేవాళ్లు కూడా వెళ్తారు.

కంప్యూటర్ సైన్స్ తీసుకుంటావేమో కూడా రాయలేదు. గ్రినెల్‌లో అయితే మొదటి కోర్సులో సీ, జావా ఉండవు, స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషల కుటుంబంతో మొదలుపెడతారు. ముందే కోడింగ్ కోచింగ్ తీసుకున్నవాడూ, ఎప్పుడూ తీసుకోనివాడూ దాని ముందు ఇంచుమించు సమానమే. ల్యాబ్‌లో ఇద్దరిద్దరు కలిసి ఒకే కంప్యూటర్ మీద పనిచేయాలి. పక్కవాడి కంటే ఒక మార్కు ఎక్కువ తెచ్చుకోవడం నేర్చుకుని వెళ్తావు, అక్కడ పక్కవాడికి అర్థమయ్యేదాకా నీ పనీ ముందుకు సాగదు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి వెళ్లే కాలేజీ హాస్టల్లో అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే బిల్డింగ్‌లో ఉంటారట, నిజమేనా? మేము శాకాహారులం. పైగా అక్కడ డైనింగ్ హాల్లో గిన్నెలు తోమే పని దొరుకుతుందని వాడు సంబరంగా చెబుతున్నాడు. అందుకేనా పంపేది?
— తండ్రి, కరీంనగర్

జవాబు: నిజమేనండి. ఒకే బిల్డింగ్ ఏమిటి, చాలాసార్లు ఒకే అంతస్తు. చేరేముందు ఒక హౌసింగ్ ఫారం పంపుతారు: ఎప్పుడు పడుకుంటారు, గది శుభ్రంగా ఉంచుతారా, గోల భరించగలరా అని అడుగుతారు. దాన్ని మీరు నింపకండి, అబ్బాయిని నింపనివ్వండి. "ఉదయం ఐదింటికి లేస్తాడు" అని తండ్రి రాసి, వాడు పదింటికి లేస్తుంటే రూమ్మేట్‌కి నరకం. గ్రినెల్‌లో మందూ సిగరెట్టూ లేని అంతస్తులు విడిగా ఉంటాయి, కావాలంటే అవి అడగవచ్చు. అమెరికాలో 21 ఏళ్లలోపువాళ్లు మద్యం కొనడం చట్టరీత్యా నేరం. అయినా ఎవరూ తాగరని నేను మీకు చెప్పలేను.

తిండికి లోటుండదు, రుచికి ఉంటుంది. సలాడ్, బ్రెడ్, పాస్తా, రకరకాల బీన్స్ ఉంటాయి. అన్నం పొడిపొడిగా ఉండి చేత్తో కలిపితే కలవదు. పప్పు సూప్ అని రాసి ఉంటే గభాలున వేసుకోకూడదు, అందులో ఏ మాంసం వేశారో అడగాలి. ఏడాదికోసారి విదేశీ విద్యార్థులంతా కలిసి వండి పెట్టే ఫుడ్ బజార్ జరుగుతుంది. దానికి నేను చేసిన పులిహోర గురించి ఇప్పటికీ మెయిల్ రాసేవాళ్లున్నారు.

గిన్నెల సంగతికొస్తే, నేనూ ఆ పని చేశాను. తిన్న ప్లేట్లు బెల్టు మీద వస్తుంటాయి. మిగిలింది దులిపి, నీళ్ల పైపుతో కొట్టి, మెషీన్ ట్రేలో సర్దాలి. పక్కన ప్రొఫెసర్ కొడుకు ఉండేవాడు, ఇంకో పక్క ఒక పెద్ద లాయర్‌గారి అమ్మాయి. అక్కడ దాన్ని తక్కువ పనిగా ఎవరూ చూడరు. విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు, అదీ క్యాంపస్‌లోనే. 2016లో గ్రినెల్ డైనింగ్ హాల్లో పనిచేసే పిల్లలే యూనియన్ పెట్టుకున్నారు. 2022లో క్యాంపస్‌లో గంటల లెక్కన పనిచేసే మిగతా విద్యార్థులు కూడా అందులో చేరడానికి ఓటేశారు. జీతం ఎంతో, షిఫ్టు ఎంతసేపో యాజమాన్యంతో కూర్చుని మాట్లాడటం పద్దెనిమిదేళ్లకే నేర్చుకుంటున్నారన్నమాట. మీ అబ్బాయి సంబరాన్ని పాడు చేయకండి. మొదటి సెమిస్టర్‌లో మాత్రం పది గంటలు దాటకుండా చూసుకోమనండి.

ప్రశ్న: అక్కా, నేను ఒహాయోలో ఒక చిన్న కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్నాను. ఊపిరాడటం లేదు. ఫ్రెండ్‌తో గొడవైంది, రోజుకి మూడుసార్లు ఎదురుపడుతోంది. ఎవరితో కాఫీ తాగినా సాయంత్రానికి అందరికీ తెలిసిపోతోంది. తెలుగువాళ్లు ఇద్దరే. డాలస్‌లో మా కజిన్ వాళ్ల పెద్ద యూనివర్సిటీకి మారిపోదామనుకుంటున్నాను.
— విద్యార్థిని

జవాబు: నువ్వు చెప్పినవన్నీ నిజమే అమ్మడూ. చిన్న కాలేజీ బ్రోషర్లలో ఈ సంగతి రాయరు. అందరికీ తెలియడమనేది ఒక్కోసారి గొంతు మీద కూర్చుంటుంది. అదే పద్ధతి ఒక్కోసారి మనిషిని కాపాడుతుంది కూడా. నాయిస్ గారి గురించి పైన రాశాను కదా. ఆయన 1948లో హాస్టల్ విందు కోసం ఊరవతల రైతు పందిని ఎత్తుకొచ్చారు. అయోవాలో అది చిన్న విషయం కాదు, జైలుకి పోవాల్సిన నేరం. ఆయన ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్, కాలేజీ ప్రెసిడెంట్ కలిసి రైతుకి నచ్చజెప్పి, పందికి కాలేజీ తరఫున డబ్బు కట్టి, ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో సరిపెట్టించారు. ఆ కుర్రాడు ఎలాంటివాడో వాళ్లకి స్వయంగా తెలుసు కాబట్టే అంత పట్టుబట్టారు.

మారాలా వద్దా అన్నది కారణాన్నిబట్టి ఉంటుంది. నీకు కావాల్సిన సబ్జెక్టు అక్కడ లేకపోతే నిస్సంకోచంగా మారు. గొడవైన స్నేహం కోసమైతే ఆగు. వచ్చే ఆగస్టుకి హాస్టల్ మారవచ్చు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ వేరే దేశంలో చదవవచ్చు. గ్రినెల్‌లో సగానికి పైగా అలా వెళ్లొస్తారు, మీ కాలేజీలోనూ ఆ ఆఫీసు ఉంటుంది. అక్కడి ఊరివాళ్లు హోస్ట్ ఫ్యామిలీగా (విదేశీ పిల్లల్ని అప్పుడప్పుడూ ఇంటికి పిలిచే కుటుంబంగా) ఉండే పద్ధతి ఉంటే పేరు ఇవ్వు. నన్ను ఒక రిటైర్డ్ స్కూల్ టీచరమ్మ ఆదివారాలు తీసుకెళ్లేది. వాళ్ల వంటింట్లో కాలేజీ మాట రాకుండా మూడు గంటలు గడిచేవి, ఆ వారానికి అది చాలేది. అన్నట్టు, ట్రాన్స్‌ఫర్ అయ్యే విదేశీ విద్యార్థులకి ఆర్థికసాయం చాలా తక్కువచోట్ల దొరుకుతుంది. ఇప్పుడు వస్తున్న సాయం వదులుకునే ముందు డాలస్ లెక్క కాగితం మీద వేసి, మీ నాన్నగారికి చూపించు. మనసు మరీ బరువుగా ఉంటే కాలేజీ కౌన్సిలర్‌ని ఈ వారమే కలువు. అక్కడ చెప్పినది సాయంత్రానికి అందరికీ తెలియదు.

ప్రశ్న: పచ్చళ్లు పట్టుకెళ్లనిస్తారా?
— నలుగురైదుగురు పాఠకులు, వేర్వేరు ఊళ్ల నుంచి

జవాబు: ఆవకాయ, గోంగూర, పొడులు ఫర్వాలేదు. కస్టమ్స్‌వాళ్లకి తిండి పదార్థాలున్నాయని చెప్పండి, దాచకండి. చికెన్, మటన్, రొయ్యల పచ్చళ్ల జోలికి మాత్రం పోవద్దు. మాంసం పచ్చళ్లు విమానాశ్రయంలోనే చెత్తబుట్టలో వేస్తారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడుతుంది. రొయ్యలకి రూల్ వేరే, కానీ ఆ వాదన రాత్రి పదకొండింటికి ఆఫీసర్ ముందు మీ పిల్లాడు చేయాలి. సీసాలు వద్దు, రెండు కవర్లు వేసి సీల్ చేయించండి. నూనె కారితే స్వెట్టర్లు పాడవుతాయి, జనవరిలో అయోవాలో మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోయే రోజులుంటాయి. చలికోటు ఇక్కడ కొనకండి. అక్కడికి వెళ్లాక కొనుక్కోమనండి, లేదా కాలేజీలో పాత కోట్లు ఇస్తారేమో అడగమనండి.